పెన్‌డ్రైవ్ బూట్ అవ్వట్లేదంటే తప్పు ఎక్కడుంది

అదే పెన్‌డ్రైవ్, అదే ఐఎస్ఓ ఫైల్ (ఆపరేటింగ్ సిస్టమ్ సెటప్ మొత్తం కట్టగట్టిన ఒకే ఫైల్), పాత డెస్క్‌టాప్‌కి పెడితే ఠక్కున విండోస్ సెటప్ వచ్చేస్తుంది, కొత్త ల్యాప్‌టాప్‌కి పెడితే బూట్ మెనూలో దాని పేరు కూడా కనపడదు. ఒక్కోసారి దీనికి సరిగ్గా రివర్స్‌లో జరుగుతుంది. అప్పుడు మామూలుగా అందరూ చేసేదేంటంటే పెన్‌డ్రైవ్ పోయిందని ఇంకోటి కొంటారు, లేకపోతే ఆరు జీబీల ఐఎస్ఓని మళ్లీ మొదట్నుంచి డౌన్‌లోడ్‌కి పెడతారు. చాలాసార్లు ఆ రెండిట్లో ఏదీ పాడైపోయి ఉండదు. పెన్‌డ్రైవ్‌ని చదవాల్సింది మదర్‌బోర్డు మీదున్న ఫర్మ్‌వేర్, అంటే బోర్డు చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్, ఆ ఫర్మ్‌వేర్‌లో రెండు జాతులున్నాయి, ఒకటి డిస్క్‌లో మొదటి సెక్టార్ (మొట్టమొదటి చిన్న ముక్క) చదువుతుంది, రెండోది ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైల్ వెతుక్కుంటుంది. ఒకదాని కోసం తయారుచేసిన పెన్‌డ్రైవ్ రెండోదానికి ఖాళీ పెన్‌డ్రైవ్ కిందే లెక్క. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసే రూఫస్ టూల్‌లో అన్ని ఆప్షన్లు ఎందుకు పెట్టారో దానంతట అదే తెలిసిపోతుంది, ఎక్కకపోతే ఎన్ని యూట్యూబ్ వీడియోలు చూసినా లక్కు మీద బతకాల్సిందే.

ముందు పవర్ బటన్ దగ్గర్నుంచి వద్దాం. బటన్ నొక్కగానే ప్రాసెసర్‌కి ఏమీ తెలీదు. హార్డ్ డిస్క్ ఉందో లేదో తెలీదు, కీబోర్డు తెలీదు, ఆఖరికి ర్యామ్ కూడా అప్పటికి పనికిరాదు, ఎందుకంటే దాన్ని ఇంకా ఎవరూ సెట్ చెయ్యలేదు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి పుట్టుకతో తెలిసింది ఒకే ఒక్క అడ్రస్, అది 4 జీబీ హద్దుకి సరిగ్గా 16 బైట్లు కింద ఉంటుంది, అక్కడ ఏ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే దాన్ని కళ్లు మూసుకుని అమలు చేసేస్తుంది. ఆ అడ్రస్ ర్యామ్‌లోకి వెళ్లదు, మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్లున్న చిన్న ఫ్లాష్ చిప్‌లోకి వెళ్తుంది, ఈ రోజుల్లో ఆ చిప్ మామూలుగా 16 లేదా 32 ఎంబీ ఉంటుంది. జనం బయోస్ అని పిలిచే సరుకంతా ఉండేది అందులోనే. అందులోని కోడ్ మొదట చేసే పని ర్యామ్‌ని లేపడం, అప్పటిదాకా ప్రాసెసర్ లోపలున్న క్యాష్ మెమరీనే తాత్కాలికంగా ర్యామ్‌లా వాడుకుంటుంది. (ఏఎండీ రైజెన్‌లో అయితే ఈ ర్యామ్ లేపే పని అసలు ప్రాసెసర్ కోర్ల కంటే ముందు నిద్రలేచే ఓ బుల్లి సెక్యూరిటీ ప్రాసెసర్ చేస్తుంది, అది వేరే కథ.) డీడీఆర్5 ర్యామ్ వేసి కొత్త పీసీ అసెంబుల్ చేసినవాళ్లు మొదటిసారి ఆన్ చేసినప్పుడు నిమిషాల తరబడి స్క్రీన్ నల్లగా ఉండిపోయి గుండె ఆగినంత పనవుతుంది కదా, అప్పుడు జరిగేది ఇదే, ర్యామ్‌తో ఏ టైమింగ్‌లో మాట్లాడితే తప్పుల్లేకుండా వస్తుందో ఫర్మ్‌వేర్ ట్రై చేసి చూసుకుంటూ ఉంటుంది. మధ్యలో కంగారుపడి ఆఫ్ చేస్తే మళ్లీ మొదట్నుంచి.

ర్యామ్ లేచాక గ్రాఫిక్స్, కీబోర్డు, యూఎస్బీ, డిస్క్‌లు ఒక్కోటీ లేస్తాయి, ఇక్కడిదాకా పాతదైనా కొత్తదైనా దాదాపు ఒకటే దారి. అన్నీ లేచాక ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్న వస్తుంది చూడండి, దారులు విడిపోయేది అక్కడే.

పాత జాతి పేరు బయోస్, దాని కథ 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీతో మొదలవుతుంది. ఆ పీసీలో మిగతా పార్టులన్నీ బజార్లో ఎవరైనా కొనుక్కోగలిగినవే, ఐబీఎమ్‌కి సొంతమంటూ గట్టిగా ఉన్నది బయోస్ కోడే. దాన్ని కాంపాక్ సొంతంగా మళ్లీ రాసుకుంది, 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఒరిజినల్ కోడ్ చూడని వాళ్లచేత కొత్తగా రాయించి డబ్బిచ్చిన ప్రతి తయారీదారుకీ అమ్మడం మొదలెట్టింది, క్లోన్ పీసీలు ప్రపంచమంతా నిండిపోయింది అలాగే. అయితే కాపీ కొట్టాలంటే ప్రవర్తన అచ్చుగుద్దినట్టు ఉండాలి కాబట్టి 1981 నాటి అలవాట్లు కూడా కదలకుండా ముప్పై ఏళ్లకి పైగా వచ్చేశాయి. ఆ అలవాటు ఏంటంటే, బయోస్‌కి ఫైల్ అంటే తెలీదు, ఫోల్డర్ అంటే తెలీదు, డిస్క్‌లో ఫైళ్లు సర్దే ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ లాంటి పద్ధతులేవీ తెలీవు. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు తీసుకొచ్చి ర్యామ్‌లో 7సీ00 అనే అడ్రస్‌లో పెడుతుంది, చివరి రెండు బైట్లు 55, ఏఏ ఉన్నాయా అని చూస్తుంది, ఉంటే ఇక వెనకాముందు చూడకుండా గుడ్డెద్దు చేలో పడ్డట్టు అందులోకి దూకేస్తుంది. అంతే. అక్కడున్నది విండోసా, లైనక్సా, వైరసా అన్నది దానికి అనవసరం, నిజంగానే ఒకప్పటి బూట్ సెక్టార్ వైరస్‌లన్నీ ఈ గుడ్డి నమ్మకం మీద బతికినవే.

ఆ 512 బైట్లలో కూడా కోడ్‌కి మిగిలేది 446 మాత్రమే, 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కి, 2 ఆ సంతకానికి. 64 బైట్లలో ఒక్కో పార్టిషన్‌కి 16 చొప్పున నాలుగే పడతాయి, అందుకే పాత పద్ధతిలో నాలుగుకి మించి ప్రైమరీ పార్టిషన్లు కుదరవు. సెక్టార్ నంబర్‌కి 32 బిట్లే ఇచ్చారు కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది, 4 టీబీ డిస్క్ కొన్నా సగం కనపడదు. 446 బైట్లలో ఎవరైనా ఏం రాస్తారు, అందులోని కోడ్ చేసే పని ఇంకాస్త పెద్ద కోడ్‌ని ఎత్తుకురావడం, అది ఇంకా పెద్దదాన్ని ఎత్తుకురావడం. బూటబుల్ పెన్‌డ్రైవ్ చెయ్యాలంటే ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు, ప్రత్యేకంగా టూల్ కావాలి అన్న నమ్మకం పుట్టింది ఇక్కడే. ఫైల్ కాపీ చేసినప్పుడు మొదటి సెక్టార్ మారదు, ఆ సెక్టార్‌లో కోడ్ లేకపోతే బయోస్‌కి పెన్‌డ్రైవ్‌లో ఏమున్నా లేనట్టే.

పైగా బయోస్ పుట్టేనాటికి యూఎస్బీ అనేదే లేదు. తర్వాత వచ్చాక పెన్‌డ్రైవ్‌ని హార్డ్ డిస్క్‌లాగానో ఫ్లాపీలాగానో వేషం వేయించి చూపించారు. పాత బోర్డుల్లో బూట్ ఆర్డర్‌లోకి వెళ్తే యూఎస్బీ అనే మాటే కనపడదు, అది హార్డ్ డిస్క్ ప్రయారిటీ అనే ఇంకో లిస్టులో హార్డ్ డిస్క్ కింద కూర్చుని ఉంటుంది, దాన్ని అక్కడ పైకి జరపాలి. ఇది తెలీక పాత మెషీన్లకి యూఎస్బీ బూట్ సపోర్టే లేదని వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు.

కొత్త జాతి పేరు యూఈఎఫ్ఐ. ఇంటెల్ 1990ల్లో ఇటానియం సర్వర్ ప్రాసెసర్ కోసం ఇది మొదలుపెట్టింది, 16 బిట్ల మోడ్‌లో ఒక్క మెగాబైట్ మెమరీ చూసే పాత బయోస్ అంత పెద్ద మెషీన్లకి పనికిరాదని. ఇటానియం మునిగిపోయింది గానీ దాని ఫర్మ్‌వేర్ బతికింది, 2005లో అన్ని కంపెనీలూ కలిసిన ఫోరమ్ చేతికి వెళ్లింది, విండోస్ 8 వచ్చిన 2012 నుంచి షాపులో కొనే దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఇదే. సెట్టింగ్స్ పేజీకి ఇప్పటికీ అందరూ బయోస్ అనే అంటారు, కంపెనీల వెబ్‌సైట్లు కూడా బయోస్ అప్‌డేట్ అనే రాస్తాయి, అందుకే లోపల జాతి మారిపోయిందన్న సంగతి చాలామందికి తట్టదు.

యూఈఎఫ్ఐకి ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. ఇదే అసలు తేడా. డిస్క్‌లో ఫ్యాట్ పార్టిషన్ ఎక్కడుందో చూసి, అందులో ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోకి, దాంట్లో బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైల్ ఉందా అని చూస్తుంది, ఉంటే దాన్ని మామూలు ప్రోగ్రామ్‌లా రన్ చేస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ అయితే ఫైల్ పేరు బూట్‌ఏఏ64, 32 బిట్ ఫర్మ్‌వేర్ అయితే బూట్‌ఐఏ32. ఈ చివరిది గుర్తుంచుకోవాల్సిన కేసే, పదేళ్ల కిందట చవకగా అమ్మిన ఇంటెల్ ఆటమ్ టాబ్లెట్లూ బుల్లి ల్యాప్‌టాప్‌లూ కొన్నిట్లో ప్రాసెసర్ 64 బిట్, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్, వాటికి 64 బిట్ లైనక్స్ పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు పెట్టినా కనపడకపోవడానికి కారణం ఆ ఒక్క ఫైల్ లేకపోవడమే. ఇక లోపలి డిస్క్ సంగతి వేరు, అక్కడ ఏ ఫైల్ రన్ చెయ్యాలో మదర్‌బోర్డు మెమరీలోనే ఎంట్రీలుగా రాసి పెట్టుకుంటుంది, విండోస్ బూట్ మేనేజర్, ఉబుంటు అని బూట్ మెనూలో పేర్లు కనపడేది అందుకే. లైనక్స్ ఉన్న ఎస్ఎస్డీ విప్పి ఇంకో బోర్డుకి పెడితే ఒక్కోసారి బూట్ అవ్వదు, డిస్క్ బాగానే ఉంటుంది, ఆ ఎంట్రీ పాత బోర్డులో ఉండిపోయింది అంతే.

దీనివల్ల తేలేదేంటంటే, యూఈఎఫ్ఐ మెషీన్ కోసం బూటబుల్ పెన్‌డ్రైవ్ చెయ్యడానికి సిద్ధాంతపరంగా ఏ టూలూ అక్కర్లేదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యి, ఐఎస్ఓ ఓపెన్ చెయ్యి, అన్నీ సెలెక్ట్ చేసి కాపీ పేస్ట్. నిజంగా పనిచేస్తుంది, చాలా లైనక్స్ ఐఎస్ఓలకి ఇప్పటికీ ఇంతే.

మరి విండోస్‌కి ఎందుకు కుదరదు అంటే ఒకే ఒక్క ఫైల్ వల్ల. సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్.విమ్ అని ఉంటుంది, విండోస్ మొత్తం కట్టగట్టి ఉండేది అందులోనే, అది 4 జీబీ దాటేసి చాలాకాలమైంది, ఫ్యాట్32లో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ సైజుకి చేరకూడదు. అలాగని ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేస్తే ఫైల్ పడుతుంది గానీ యూఈఎఫ్ఐ స్పెసిఫికేషన్ ప్రకారం ఫర్మ్‌వేర్ తప్పనిసరిగా చదవాల్సింది ఫ్యాట్ మాత్రమే, ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం కొన్ని బోర్డుల దయ. కొన్ని బోర్డులకి పనిచేసి కొన్నిటికి పనిచెయ్యకపోవడం వెనకున్న పెద్ద మిస్టరీ ఇదే. ఈ చిక్కుని ఒక్కొక్కరు ఒక్కోలా విప్పారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ అదే సరుకుని ఇంకా గట్టిగా నొక్కి ఈఎస్డీ ఫైల్‌గా 4 జీబీ లోపు కుదించి పెడుతుంది. విండోస్‌లోని డిజ్మ్ కమాండ్‌తో విమ్ ఫైల్‌ని ముక్కలు చేసి పెట్టినా సెటప్ వాటిని చక్కగా కలుపుకుంటుంది, మ్యాక్ నుంచో లైనక్స్ నుంచో విండోస్ పెన్‌డ్రైవ్ చేసేవాళ్లు ఎక్కువగా ఇలా ముక్కలు చేసే దారే పడతారు, కమాండ్ పేరు మాత్రం అక్కడ వేరు. రూఫస్ రాసిన పీట్ బటార్డ్ వేసిన ఎత్తు మాత్రం అన్నిటికంటే తెలివైంది, పెన్‌డ్రైవ్‌లో పెద్ద పార్టిషన్ ఎన్‌టీఎఫ్ఎస్, చివర్లో బుల్లి ఫ్యాట్ పార్టిషన్ ఒకటి, ఫర్మ్‌వేర్ ఆ బుల్లిదాన్ని చదివి అందులోని ఫైల్ రన్ చేస్తే ఆ ఫైల్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్‌ని ఫర్మ్‌వేర్‌లోకే ఎక్కిస్తుంది, ఇక అప్పట్నుంచి ఫర్మ్‌వేర్‌కి ఎన్‌టీఎఫ్ఎస్ వచ్చేసినట్టే. మొదట్లో దీనికి సెక్యూర్ బూట్ ఆపాల్సొచ్చేది, తర్వాత మైక్రోసాఫ్ట్ సంతకం పడిన వెర్షన్ వచ్చింది, ఇప్పుడు ఆపక్కర్లేదు, పాత వీడియోలు చూసి ఇంకా ఆపుతున్నవాళ్లు ఆపుతూనే ఉన్నారు.

ఇక అందరూ తికమకపడే ఎంబీఆర్, జీపీటీ గొడవ. ఎంబీఆర్ అంటే ఇందాక చెప్పిన ఆ మొదటి 512 బైట్ల పాత పద్ధతే, జీపీటీ అంటే యూఈఎఫ్ఐతో పాటు వచ్చిన కొత్త పార్టిషన్ టేబుల్, మామూలుగా 128 పార్టిషన్లు పడతాయి, డిస్క్ చివర్లో బ్యాకప్ కాపీ ఉంటుంది, 2 టీబీ గోల లేదు. రూఫస్‌లో జీపీటీ పెడితే టార్గెట్ దానంతట అది యూఈఎఫ్ఐకి మారిపోతుంది, అది చూసి యూఈఎఫ్ఐకి జీపీటీ పెన్‌డ్రైవే కావాలి అనుకుంటారు. కాదు. పెన్‌డ్రైవ్ ఎంబీఆర్ అయినా యూఈఎఫ్ఐ హాయిగా చదువుకుంటుంది, ఫ్యాట్‌లో ఆ ఫైల్ దొరికితే చాలు. మరి జీపీటీ ఆప్షన్ ఎందుకంటే, బయోస్ మోడ్‌లో పొరపాటున కూడా బూట్ అవ్వకుండా తలుపు వెయ్యడానికి. ఎందుకు వెయ్యాలంటే, రెండు మోడ్లూ ఉన్న బోర్డుల్లో ఒకే పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో రెండుసార్లు కనపడుతుంది, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అని రాసి, ఒకటి ఉత్త పేరుతో. ఏ ఎంట్రీ నొక్కితే సెటప్ ఆ మోడ్‌లో మొదలవుతుంది, ఆ మోడ్‌ని బట్టే విండోస్ లోపలి డిస్క్ ఎలా ఉండాలో పట్టుబడుతుంది, బయోస్ మోడ్‌లో వస్తే ఎంబీఆర్, యూఈఎఫ్ఐ మోడ్‌లో వస్తే జీపీటీ. "ఈ డిస్క్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చెయ్యడం కుదరదు, ఇది ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్‌తో ఉంది" అని సెటప్ మొండికేసేది ఈ పాయింట్ దగ్గరే.

ఆ మెసేజ్ రాగానే జనం చేసేది అన్ని పార్టిషన్లూ డిలీట్ చెయ్యడం, డి డ్రైవ్‌లో ఉన్న పిల్లల ఫొటోలతో సహా. నిజానికి వెనక్కి వెళ్లి బూట్ మెనూలో రెండో ఎంట్రీ నొక్కితే చాలాసార్లు అక్కడితో పోయే గొడవ అది. లేదూ యూఈఎఫ్ఐకే మారాలనుంటే విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ ఉంది, డేటా తుడిచెయ్యకుండా మార్చే టూల్ అది, అయినా బ్యాకప్ తీసుకోకుండా ముట్టుకోకూడదనుకోండి. ఇప్పుడు నడుస్తున్న విండోస్ ఏ మోడ్‌లో ఉందో తెలుసుకోవడానికి ఎమ్ఎస్ఇన్ఫో32 రన్ చేస్తే బయోస్ మోడ్ అనే లైన్‌లో లెగసీ (అంటే పాత బయోస్) అనో యూఈఎఫ్ఐ అనో కనపడుతుంది, ఓఎస్ వెయ్యబోయే ముందు ఈ ఒక్కటి చూసుకుంటే సగం తలనొప్పి పోతుంది. యూఈఎఫ్ఐ బోర్డులో పాత బయోస్ మోడ్ కూడా నడిపించే సీఎస్ఎమ్ అనే వంతెనని 2020కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది, కాబట్టి ఇటీవలి ల్యాప్‌టాప్‌లు చాలావాటిల్లో లెగసీ ఆప్షన్ కోసం వెతకడం దండగ, అది లేదు.

పెన్‌డ్రైవ్ సంగతి సరే, ఐఎస్ఓ ఫైల్ లోపల కూడా కొంత ఉంది. ఐఎస్ఓ అనేది సీడీ కోసం పుట్టిన ఫార్మాట్, అందులో సెక్టార్ 2048 బైట్లు. సీడీ నుంచి బూట్ చేసే పద్ధతిని 1995లో ఫీనిక్స్, ఐబీఎమ్ కలిసి రాశాయి, దానికి ఎల్ టోరిటో అని కాలిఫోర్నియాలో ఒక రెస్టారెంట్ పేరు పెట్టారు, ఇంజినీర్లు అక్కడ భోజనం చేస్తూ అనుకున్న ఐడియా అంటారు. ఆ పద్ధతి పెన్‌డ్రైవ్‌కి పనిచెయ్యదు. అయితే ఐఎస్ఓ ఫార్మాట్‌లో మొదటి 32 కేబీ ఎవరూ వాడకుండా ఖాళీగా వదిలేశారు, లైనక్స్ వాళ్లు ఆ ఖాళీ జాగాలో ఎంబీఆర్ కూడా దూర్చేశారు, దాన్ని ఐసోహైబ్రిడ్ అంటారు. అంటే ఒకే ఫైల్ సీడీకి రాస్తే సీడీలా, పెన్‌డ్రైవ్‌కి మొదటి బైట్ నుంచి ఉన్నదున్నట్టు రాస్తే హార్డ్ డిస్క్‌లా బూట్ అవుతుంది. లైనక్స్‌లో డీడీ కమాండ్, బలెనా ఎచర్ అనే టూల్ చేసేది ఈ ఉన్నదున్నట్టు రాయడమే. విండోస్ ఐఎస్ఓలో ఆ ఏర్పాటు లేదు, అందుకే ఉబుంటుకి బ్రహ్మాండంగా పనిచేసిన ఎచర్ విండోస్‌కి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది, తప్పు ఎచర్‌ది కాదు. డీడీ వాడేవాళ్లు మాత్రం డిస్క్ పేరు ఎస్‌డీఏనా ఎస్‌డీబీనా అని రెండుసార్లు చూసుకోవాలి, అది ఏమీ అడగదు, చెప్పిన డిస్క్ మీద రాసుకుంటూ పోతుంది.

2020లో వచ్చిన వెంటాయ్ అనే టూల్ ఈ తయారీ గొడవనే పక్కకి నెట్టేసింది. పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి వెంటాయ్ వేస్తే పెద్ద పార్టిషన్ ఒకటి, బూట్ కోడ్ ఉండే 32 ఎంబీ పార్టిషన్ ఒకటి వస్తాయి, ఆ తర్వాత ఎన్ని ఐఎస్ఓలు కావాలంటే అన్ని మామూలు ఫైళ్లలా పడేసుకోవడమే, బూట్ చేసినప్పుడు లిస్ట్ చూపించి అడుగుతుంది. రోజుకి పది మెషీన్లు చూసే సర్వీస్ షాపులకి ఇంతకంటే సుఖం లేదు. ఒక్కటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మొదటిసారి దాని కీని చేర్పించే నీలం స్క్రీన్ ఒకటి వస్తుంది, దాన్ని చూసి ఎర్రర్ అనుకుని వెనక్కి వచ్చేస్తుంటారు.

సెక్యూర్ బూట్ అన్నాం కాబట్టి దాని సంగతి కూడా. బయోస్ గుడ్డిగా దూకేసేది అన్నాం కదా, దానికి విరుగుడు ఇది, 2011 నాటి యూఈఎఫ్ఐ 2.3.1తో అందరికీ తెలిసింది. ఫర్మ్‌వేర్‌లో నమ్మదగ్గ కీల లిస్టు ఒకటి, నమ్మకూడనివాటి లిస్టు ఒకటి ఉంటాయి, రన్ చెయ్యబోయే ఈఎఫ్ఐ ఫైల్ మీద మొదటి లిస్టుకి సరిపోయే డిజిటల్ సంతకం ఉండాలి, రెండో లిస్టులో దాని పేరు ఉండకూడదు. ప్రాక్టికల్‌గా దాదాపు అన్ని పీసీల్లోనూ ఉండే కీలు మైక్రోసాఫ్ట్‌వి, కాబట్టి లైనక్స్ వాళ్లు కూడా షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని మైక్రోసాఫ్ట్ చేత సంతకం పెట్టించుకుని దాని వెనకాల తమ బూట్ లోడర్ గ్రబ్‌ని లోపలికి తెచ్చుకుంటారు. పోటీ కంపెనీ సంతకం లేకపోతే తమ ఓఎస్ బూట్ అవ్వని పరిస్థితి మీద అప్పట్లో జరిగిన రచ్చ చిన్నది కాదు, కోపంలో న్యాయం ఉంది, కాకపోతే ఇంటెల్, ఏఎండీ పీసీల్లో యూజర్ దాన్ని ఆపుకునే వీలు ఉంచడం వల్ల చల్లారింది.

సంతకం ఉంటే చాలదని 2020లో బూట్‌హోల్ అనే లోపం చూపించింది. సంతకం ఉన్న గ్రబ్‌లోనే బగ్ దొరికింది, అంటే సరైన సంతకంతోనే దొంగ దూరొచ్చు. అలాంటి పాత వెర్షన్లని నిషేధించే అప్‌డేట్ ఒకటి 2024 ఆగస్టులో విండోస్ ద్వారా వెళ్లింది, డ్యూయల్ బూట్ పెట్టుకున్న చాలామందికి తెల్లారి లైనక్స్ తెరుచుకోలేదు, ఏదో ఘోరంగా తప్పు జరిగిందని ఓ మెసేజ్ చూపించి మెషీన్ ఆఫ్ అయిపోయేది. అదే కారణంతో ఎప్పుడో రెండేళ్ల కిందట చేసి డెస్క్‌లో పడేసిన లైనక్స్ పెన్‌డ్రైవ్ ఇప్పుడు సెక్యూరిటీ వయోలేషన్ అంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు, కొత్త ఐఎస్ఓతో మళ్లీ చేస్తే సరి. ఇంకోటి, మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సర్టిఫికెట్లకి 2026 జూన్ నుంచి గడువు తీరుతోంది, వాటి బదులు 2023 సర్టిఫికెట్లు అప్‌డేట్లలో పంపిస్తున్నారు. గడువు తీరగానే పీసీలన్నీ ఆగిపోతాయని వాట్సాప్‌లో తిరిగితే నమ్మక్కర్లేదు, పాత సంతకం ఉన్నవి బూట్ అవుతూనే ఉంటాయి, అసలు చిక్కు కొత్త సర్టిఫికెట్ చేరని మెషీన్లకి ఇకమీదట బూట్ భాగానికి సంబంధించిన సెక్యూరిటీ ప్యాచ్‌లు అందకపోవడం.

ఇదంతా ఇప్పుడు ఇంత అవసరం ఎందుకైందంటే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అడిగే యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎమ్ 2.0 (కీలు దాచే సెక్యూరిటీ చిప్) లేని మెషీన్లు మన ఇళ్లలో, స్కూళ్లలో, జిరాక్స్ షాపుల్లో బోలెడున్నాయి. వాటికి లైనక్స్ వెయ్యడమో, రూఫస్‌లో ఆ చెకింగ్ తీసేసే టిక్ పెట్టి విండోస్ 11 వెయ్యడమో జరుగుతోంది. రెండోది నడుస్తుంది గానీ మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఏమీ ఇవ్వదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దగ్గర్నుంచి చిన్న టౌన్‌లో ఉండే సర్వీస్ సెంటర్ దాకా ఎవరి చేతిలో చూసినా ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది, అందులో టెలిగ్రామ్ నుంచి దించిన ప్రీ యాక్టివేటెడ్ విండోస్ ఉండే ఛాన్స్ కూడా ఉంటుంది. సెక్యూర్ బూట్ చూసేది బూట్ లోడర్ సంతకాన్ని మాత్రమే, విమ్ ఫైల్ లోపల ఎవరో కలిపిన సరుకుని అది పట్టుకోదు, అసలు యాంటీవైరస్ పుట్టకముందే ఆ సరుకు సిస్టమ్‌లో కూర్చుని ఉంటుంది. బ్యాంకింగ్ చేసే మెషీన్‌కి అలాంటి ఐఎస్ఓ వెయ్యడం కంటే పాత విండోసే నయం. ఒరిజినల్ ఐఎస్ఓ మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది, ఫైల్ మారలేదని సరిచూసుకునే హ్యాష్ కూడా అక్కడే ఇస్తారు, డబ్బులు కట్టాల్సింది లైసెన్స్‌కి.

పెన్‌డ్రైవ్ అన్ని విధాలా కరెక్టుగా ఉన్నా ఆగిపోయే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది, షట్ డౌన్ అన్నది సగం హైబర్నేట్, మళ్లీ ఆన్ చేసినప్పుడు కీ నొక్కే టైమ్ కూడా ఇవ్వకుండా కొన్ని మెషీన్లు లోపలికి వెళ్లిపోతాయి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే యూజ్ ఎ డివైస్ అని అడుగుతుంది, ఎఫ్12 మీద తబలా వాయించడం కంటే అది నయం. 11వ తరం ఇంటెల్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌ల్లో సెటప్ బాగానే మొదలై డిస్క్ ఎంచుకునే దగ్గర లిస్ట్ ఖాళీగా ఉంటుంది, ఎస్ఎస్డీ పోలేదు, ఇంటెల్ వీఎమ్డీ అనే కంట్రోలర్ వెనక దాక్కుంది, ఆ డ్రైవర్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోనే పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కితే బయటికొస్తుంది. బయోస్‌లో వీఎమ్డీ ఆఫ్ చేసినా కనపడుతుంది గానీ అప్పటికే ఉన్న విండోస్ ఆ తర్వాత బూట్ అవ్వకపోవచ్చు. ఇక బయోస్‌లో సెక్యూర్ బూట్ లాంటివి మార్చే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ ఎక్కడుందో చూసుకోవడం తప్పనిసరి, కొత్త ల్యాప్‌టాప్‌ల్లో యూజర్‌కి తెలీకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది, సెట్టింగ్ మారగానే టీపీఎమ్ కీ ఇవ్వడం మానేస్తుంది, అప్పుడు అడిగే 48 అంకెలు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరక్కపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే.

పని అయ్యాక 32 జీబీ పెన్‌డ్రైవ్ 4 ఎంబీ అని చూపిస్తోందనీ, పెట్టగానే ఫార్మాట్ చెయ్యమంటోందనీ కంగారుపడేవాళ్లు ఉంటారు. లైనక్స్ ఐఎస్ఓ ఉన్నదున్నట్టు రాసినప్పుడు పార్టిషన్ టేబుల్ కూడా ఆ ఐఎస్ఓదే వచ్చి కూర్చుంటుంది, విండోస్‌కి అందులో అర్థమయ్యే ముక్క చిన్న ఫ్యాట్ పార్టిషన్ ఒక్కటే. మామూలు ఫార్మాట్ ఆ ముక్కనే ఫార్మాట్ చేస్తుంది కాబట్టి సైజు తిరిగి రాదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్ అని సైజు చూసి పెన్‌డ్రైవ్ నంబర్ గుర్తుపట్టి, సెలెక్ట్ డిస్క్ అని ఆ నంబర్ ఇచ్చి, క్లీన్ కొడితే పాత టేబుల్ పోతుంది, తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పార్టిషన్ చేసుకుంటే 32 జీబీ మొత్తం వస్తుంది.